ఫైర్ సేఫ్టీ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు: అర్హతలు, చట్టం, బిల్డింగ్ తనిఖీ చేసే వరుస

"డిప్లొమా అయిపోయింది, హాస్పిటల్లో ఫైర్ ఆఫీసర్‌గా చేరాను, రేపటి నుంచి రౌండ్స్‌కి వెళ్లమన్నారు, అసలు ఏం చూడాలి?" ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. దాని వెనకే ఇంకో రెండు వస్తాయి: ఏ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుంది, ఏదైనా జరిగితే కేసు మన మీదకి వస్తుందా. మూడూ ఒకదానికొకటి ముడిపడినవే కాబట్టి ఒకేచోట రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే.

## 1. ముందు మీది ఏ కుర్చీయో తేల్చుకోండి

ఈ రంగంలో నాలుగు రకాల వాళ్లుంటారు. బయటివాళ్లకి అందరూ "ఫైర్ ఆఫీసర్లే", కానీ అధికారాలు వేరు, బాధ్యతలు వేరు.

- అగ్నిమాపక శాఖ: ఫైర్‌మన్, లీడింగ్ ఫైర్‌మన్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్, ఆపైన అసిస్టెంట్ డిస్ట్రిక్ట్, డిస్ట్రిక్ట్, రీజినల్ ఫైర్ ఆఫీసర్. బిల్డింగ్‌లోకి వెళ్లి తనిఖీ చేసే, నోటీసు ఇచ్చే అధికారం చట్టప్రకారం శాఖదే.
- మున్సిపల్ టౌన్ ప్లానింగ్: ప్లాన్ ప్రకారం కట్టారా, సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ) వదిలారా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం వాడుకోవచ్చనే కాగితం) ఇవ్వొచ్చా అన్నది వీళ్ల పని. తెలంగాణలో టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్, ఏపీలో వార్డు ప్లానింగ్ సెక్రటరీ లాంటి పోస్టులు ఇక్కడివే.
- యాజమాన్యం పెట్టుకున్న ఫైర్ సేఫ్టీ ఆఫీసర్: మాల్, హాస్పిటల్, హోటల్, ఐటీ పార్కు, ఫార్మా ఫ్యాక్టరీ. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది వీళ్లే.
- కన్సల్టెంట్లు, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కంపెనీలు: డ్రాయింగులు గీస్తారు, పరికరాలు బిగిస్తారు, మెయింటెనెన్స్ చూస్తారు.

మూడో కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఒక మాట. మీకు సీలు వేసే అధికారం లేదు, ఎవరికీ నోటీసు ఇవ్వలేరు. మీ చేతిలో ఉన్నది చూసింది చూసినట్టు రాసి, తేదీ వేసి, యాజమాన్యం చేత అందినట్టు సంతకం పెట్టించుకోవడం. ఉద్యోగం మొత్తం ఆ కాగితం మీదే నడుస్తుంది. కింద చెప్పేదంతా ఆ కాగితం సరిగ్గా రాయడానికే.

## 2. చదువు, నోటిఫికేషన్లు

స్టేషన్ ఫైర్ ఆఫీసర్, ఫైర్‌మన్ పోస్టులకి రెండు రాష్ట్రాల్లోనూ పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డులే నోటిఫికేషన్ ఇస్తాయి. రాత పరీక్షతో పాటు శారీరక కొలతలు, పరుగు, ఇతర ఈవెంట్లు ఉంటాయి. పరుగులో పోయేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి నోటిఫికేషన్ వచ్చాక గ్రౌండ్‌కి వెళ్దాం అనుకోవద్దు.

కేంద్రం వైపు చూస్తే సీఐఎస్ఎఫ్‌లో కానిస్టేబుల్ ఫైర్ పోస్టులకి సైన్స్‌తో ఇంటర్ కావాలి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి విడిగా ఫైర్ సర్వీస్ ఉంది. చదువులో పేరున్నవి నాగ్‌పూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ (సబ్ ఆఫీసర్ కోర్సు నుంచి బీఈ ఫైర్ ఇంజినీరింగ్ దాకా), కొచ్చి యూనివర్సిటీ, అంటే కుసాట్‌లోని సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజినీరింగ్ బీటెక్. గల్ఫ్‌లో సేఫ్టీ ఉద్యోగాలకి నెబోష్ అడుగుతారు. అది బ్రిటన్ సర్టిఫికెట్, మన ప్రభుత్వ పోస్టుకి అర్హత కాదు.

ఫీజు కట్టే ముందు ఇన్‌స్టిట్యూట్ వాళ్లని అడగాల్సినవి:

- ఈ డిప్లొమాని అర్హతగా పేర్కొన్న పాత నోటిఫికేషన్ ఒక్కటైనా చూపిస్తారా?
- సర్టిఫికెట్ ఇచ్చేది ఏ యూనివర్సిటీ లేదా ఏ బోర్డు?
- పంపు, హైడ్రంట్ (ఫైర్ గొట్టం తగిలించే నీటి పాయింటు), బ్రీతింగ్ సెట్ (పొగలో ఊపిరికి వాడేది) చేతితో పట్టించి నేర్పుతారా, పీపీటీలతో సరిపెడతారా?

"గవర్నమెంట్ అప్రూవ్డ్, 100 శాతం ప్లేస్‌మెంట్" అని ఫ్లెక్సీ ఉంటే మొదటి ప్రశ్న ఇంకోసారి అడగండి.

## 3. చట్టం ఎంత తెలిసి ఉండాలి

లాయర్ అంత అక్కర్లేదు, కానీ ఇవి తెలియకుండా సైట్‌లో అడుగుపెట్టొద్దు.

ఫైర్ సర్వీస్ చట్టం, 1999. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది, తర్వాత తెలంగాణ కూడా దాన్నే తీసుకుంది. దీని కింద 2006లో వచ్చిన రూల్స్ ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న వాణిజ్య భవనాలు, 18 మీటర్లు, ఆపైన ఉన్న నివాస భవనాలు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి. స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనా స్థలాల్లాంటి జనం చేరే చోట్లకి 6 మీటర్ల ఎత్తు లేదా 500 చదరపు మీటర్ల స్థలం దాటితే చాలు. సవరణలు వస్తుంటాయి, కాబట్టి మీ బిల్డింగ్‌కి వర్తించే తాజా జీవో ఒకటి ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016, నాలుగో భాగం. మెట్ల వెడల్పు, తలుపులు, పంపులు, స్ప్రింక్లర్లు (వేడికి తెరుచుకుని నీళ్లు చల్లేవి) ఏ బిల్డింగ్‌కి ఎంత ఉండాలో దీన్లోనే ఉంటుంది. భవనాన్ని వాడకాన్ని బట్టి గ్రూపులుగా విడగొడతారు (నివాసం ఏ, విద్య బీ, హాస్పిటల్ లాంటివి సీ, జనం చేరేవి డీ, ఆఫీసు ఈ, షాపులు ఎఫ్...). గ్రూపు తప్పుగా రాస్తే ఆ తర్వాత లెక్క మొత్తం తప్పే.

భారతీయ న్యాయ సంహిత. 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. నిప్పు, మండే పదార్థాల విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే సెక్షన్ 287 కింద 6 నెలల దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే సెక్షన్ 106 కింద 5 ఏళ్ల దాకా.

"ఏఎంసీ ఇచ్చాం కదా, ఇక వాళ్ల బాధ్యత" అని ఓనర్లు అంటుంటారు. కాదు. కాంట్రాక్టు ఎవరికిచ్చినా భవనం యజమాని, అందులో ఉండి నడిపేవాళ్ల బాధ్యత వాళ్ల దగ్గరే ఉంటుంది. మీ సంగతేంటంటారా, చూసి కూడా రాయకపోతే, చూడకుండా "అన్నీ బాగున్నాయి" అని సంతకం పెడితే మీరూ ఇరుక్కుంటారు. చూసి, రాసి, పై వాళ్లకి అందజేసిన కాగితం ఉంటే చెప్పుకోవడానికి మీకో ఆధారం ఉంటుంది.

## 4. తనిఖీకి ముందు రోజు

కాగితాలు చూడకుండా బిల్డింగ్ చూస్తే సగం తప్పులు కంటికి ఆనవు. ఇవి అడిగి తెప్పించుకోండి:

- మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్
- ఫైర్ ఎన్‌ఓసీ, దాని గడువు, అందులో పెట్టిన షరతులు
- పాత తనిఖీ రిపోర్టులు, వాటి మీద ఏం చేశారో
- ఏఎంసీ రికార్డులు, పంపు రూమ్ లాగ్ బుక్, మంటలార్పే సిలిండర్ల రిజిస్టర్
- మాక్ డ్రిల్ రిజిస్టర్

ప్లాన్‌లో ఏం వాడకం రాశారు, ఇప్పుడు అక్కడ ఏం నడుస్తోంది అన్నది మొదట పోల్చండి. 2020 ఆగస్టు 9న విజయవాడ స్వర్ణ ప్యాలెస్‌లో 10 మంది చనిపోయినప్పుడు అది కోవిడ్ కేర్ సెంటర్‌గా నడుస్తున్న హోటల్. నడిచి వెళ్లగల గెస్టులుండే చోట రోగులుంటే బయటపడే ఏర్పాటు మొత్తం మారాలి. ఆఫీసు ఫ్లోరు కోచింగ్ సెంటర్ అయినా, సెల్లార్ పార్కింగ్ గోడౌన్ అయినా ఇదే లెక్క.

సంచిలో పెట్టుకోవాల్సినవి: టేపు, టార్చి, ప్రెజర్ గేజ్, డిటెక్టర్ టెస్ట్ స్ప్రే, తేదీ పడేలా సెట్ చేసిన ఫోన్ కెమెరా, ఫ్లోర్ ప్లాన్ జిరాక్స్. మామూలు బూట్లు వేసుకోండి, మెట్లన్నీ ఎక్కాలి.

అలారం, పంపులు టెస్ట్ చేస్తారు కాబట్టి సెక్యూరిటీకి, మెయింటెనెన్స్‌కి, హాస్పిటల్ అయితే నర్సింగ్ ఇన్‌ఛార్జికి టైమ్ చెప్పండి. తలుపుల విషయం మాత్రం ముందే చెప్పొద్దు. చెబితే పొద్దున్నకల్లా తాళాలన్నీ తీసేసి ఉంటాయి.

## 5. తిరిగే వరుస

చాలామంది గ్రౌండ్ ఫ్లోర్‌లో సిలిండర్లు లెక్కపెట్టడంతో మొదలుపెట్టి, మూడో అంతస్తుకి వచ్చేసరికి అలసిపోయి, పంపు రూమ్‌కి వెళ్లేసరికి టీ టైమ్ అయిపోతుంది. బయట ఒక చుట్టు, తర్వాత టెర్రస్, అక్కడి నుంచి మెట్ల మీదుగా కిందికి, చివర సెల్లార్, పంపు రూమ్. లిఫ్ట్ ఎక్కేది ఒక్కసారే, పైకి వెళ్లేటప్పుడు.

### 5.1 బయట

ఫైర్ ఇంజిన్ లోపలికి వచ్చి చుట్టూ తిరగగలదా? ఎత్తైన భవనం చుట్టూ 6 మీటర్లు ఖాళీగా ఉండాలి. ప్లాన్‌లో ఉంటుంది, కానీ అక్కడ జనరేటర్, టూవీలర్ల షెడ్డు, సెక్యూరిటీ క్యాబిన్, ఒక్కోసారి గుడి కూడా ఉంటుంది. టేపుతో కొలిచి రాయండి. సెల్లార్ కప్పు మీదుగా వాహనం వెళ్లాల్సి వస్తే ఆ స్లాబు ఫైర్ ఇంజిన్ బరువు మోస్తుందని స్ట్రక్చరల్ ఇంజినీర్ ఇచ్చిన కాగితం అడగండి.

### 5.2 టెర్రస్

తలుపుకి తాళం ఉందా, తాళం చెవి ఎవరి దగ్గరుంది? దొంగల భయం అంటారు, పిల్లలు ఎక్కుతారు అంటారు, రెండూ నిజమే. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే పానిక్ బార్ బిగిస్తే రెండు సమస్యలూ తీరతాయి. టెర్రస్ ట్యాంకులో నీళ్లున్నాయో లేదో మూత తీసి చూడండి.

### 5.3 మెట్లు, తలుపులు

ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి. మన దగ్గర జరిగిన పెద్ద ప్రమాదాల్లో మనుషులు పోయింది మంట కన్నా ఎక్కువగా పొగతోనే. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్ రూబీ హోటల్లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ అంటుకుంటే పొగ పైన గదుల్లోకి ఎక్కి 8 మంది చనిపోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకి ఊపిరాడక పోయిన ఆరుగురూ చిన్న వయసు ఉద్యోగులు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర కింద షాపులు, పైన ఇల్లు ఉన్న భవనంలో 17 మంది పోయారు, లోపలికీ బయటికీ ఉన్నది ఒక్క ఇరుకు దారి.

అందుకే నేను మెట్లని పొగ గొట్టంగా ఊహించుకుని చూస్తాను. కింద నుంచి పొగ వస్తే ఏ తలుపు ఆపుతుంది, ఏది ఆపదు?

- ప్రతి ఫైర్ డోర్ వదిలేస్తే దానంతటదే మూసుకుంటోందా? క్లోజర్ (తలుపుని వెనక్కి లాగి మూసే పరికరం) పీకేశారా? ఇటుక, సిలిండర్, పూలకుండీ అడ్డం పెట్టి తెరిచి ఉంచారా?
- మెట్ల వెడల్పు: కోడ్ ప్రకారం ఆఫీసులకి 1.5 మీటర్లు, హాస్పిటళ్లకి, ఆడిటోరియంలకి 2 మీటర్లు. రెయిలింగ్ లోపలి నుంచి కొలవండి.
- బయటికి వెళ్లే తలుపు కనీసం 1 మీటరు వెడల్పు. జనం ఎక్కువుండే హాలులో అది బయటికి తెరుచుకోవాలి.
- ఆఫీసులో ఏ సీటు నుంచైనా మెట్ల తలుపుకి 30 మీటర్లలోపు చేరగలగాలి, స్ప్రింక్లర్లుంటే ఇంకో సగం కలుపుకోవచ్చు. మనిషి నడిచే దారి కొలవాలి, గోడల్లోంచి గీత గీసినట్టు కాదు.
- మెట్ల కింద అట్టపెట్టెలు, పాత కుర్చీలు, హౌస్‌కీపింగ్ సామాను.
- యాక్సెస్ కార్డుతో తెరుచుకునే తలుపులు అలారం మోగగానే లాక్ వదులుతున్నాయా? నిజంగా అలారం మోగించి చూడండి, "వదులుతుంది సార్" అంటే రాసుకోవద్దు.
- కరెంటు తీసేస్తే మెట్లలో లైట్లు, ఎగ్జిట్ బోర్డులు వెలుగుతున్నాయా?

### 5.4 ఎలక్ట్రికల్ షాఫ్టులు

కేబుళ్లు అన్ని అంతస్తుల మీదుగా దిగే నిలువు సందులివి. తలుపు తీసి, టార్చి వేసి, పైకీ కిందికీ చూడండి. ఒక ఫ్లోర్ నుంచి ఇంకో ఫ్లోర్ కనిపించకూడదు. కేబుళ్లు దిగే ప్రతి స్లాబు దగ్గరా ఫైర్ సీలింగ్ ఉండాలి. కొందరు పసుపు రంగు మామూలు పీయూ ఫోమ్ కొట్టేసి సీలింగ్ అయిపోయింది అంటారు, అది మండే పదార్థం. డబ్బా మీద ఎంతసేపు నిప్పు ఆపుతుందో రాసి ఉన్న ఫైర్ రేటెడ్ మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. ప్యానెల్ గదిలో ఫైళ్లు, చీపుర్లు ఉంటే అక్కడికక్కడే తీయించండి.

### 5.5 సెల్లార్

స్ప్రింక్లర్ హెడ్‌కి రంగు పూశారా, కింద ర్యాకులు అడ్డం పెట్టారా, పొగ లాగే ఫ్యాన్లు తిరుగుతున్నాయా, ఈవీ ఛార్జింగ్ పాయింట్లు మెట్ల పక్కనే ఉన్నాయా. కార్మికులు అక్కడ పడుకుంటున్నారా, వంట చేస్తున్నారా అన్నది కూడా చూడండి. అది మధ్యాహ్నం కనిపించదు, రాత్రి రౌండ్‌లో తెలుస్తుంది.

### 5.6 పంపు రూమ్

ఇక్కడ ఒక్క స్విచ్ చూస్తే సగం విషయం తెలుస్తుంది: ప్యానెల్ ఆటోలో ఉందా, మాన్యువల్‌లో ఉందా. మాన్యువల్‌లో ఉంటే పైన ఎవరు వాల్వ్ తిప్పినా పంపు తనంతట తాను రాదు.

టెస్ట్ చేసే వరుస:

1. లైన్ ప్రెజర్ రాసుకోండి.
2. డ్రెయిన్ వాల్వ్ కొద్దిగా తెరవండి, జాకీ పంపు (లైన్ ప్రెజర్ నిలబెట్టే చిన్న పంపు) రావాలి.
3. ఇంకా తెరవండి, మెయిన్ ఎలక్ట్రిక్ పంపు రావాలి.
4. మెయిన్ పంపు కరెంటు తీసేయండి, డీజిల్ పంపు స్టార్ట్ కావాలి.
5. పై అంతస్తులో అన్నిటికన్నా దూరంగా ఉన్న హైడ్రంట్ దగ్గర ఇంకో మనిషి గేజ్ పెట్టి చూడాలి. నీళ్లు పారుతుండగా ప్రెజర్ చదరపు సెంటీమీటరుకి 3.5 కిలోలకి తగ్గకూడదు.
6. అన్నీ తిరిగి ఆటోలో పెట్టి, ఫోటో తీసుకుని రండి. టెస్ట్ చేసి మాన్యువల్‌లో వదిలేసి వచ్చేవాళ్లు తక్కువేం లేరు.

డీజిల్ పంపు రాకపోతే ముందు బ్యాటరీ చూడండి, తర్వాత డీజిల్ ట్యాంకు. జాకీ ఊరికే మాటిమాటికీ తిరుగుతుంటే ఎక్కడో లీకేజీ ఉంది. నాన్ రిటర్న్ వాల్వ్, భూమిలో ఉన్న పైపు, ఈ వరుసలో వెతకండి.

### 5.7 అలారం ప్యానెల్

"ఫాల్ట్" అని లైటు వెలుగుతూ, బజర్ సైలెంట్‌లో పెట్టి ఉంటే అది ఎప్పటి నుంచి అలా ఉందో ఈవెంట్ లాగ్‌లో చూడండి. ఇంటీరియర్ పనులప్పుడు పెట్టిన దుమ్ము టోపీలు డిటెక్టర్లకి అలాగే ఉండిపోతాయి, తల పైకెత్తి చూస్తేనే కనిపిస్తాయి. ఫ్లోర్‌కి కొన్ని చొప్పున స్ప్రేతో టెస్ట్ చేసి, ప్యానెల్ మీద సరైన గది పేరు పడుతోందో లేదో చూడండి. పార్టిషన్లు మార్చాక పాత పేర్లే ఉండిపోవడం మామూలే.

### 5.8 సిలిండర్లు

చివర్లో పెట్టింది కావాలనే. పౌడర్ సిలిండర్‌కి గేజ్ ముల్లు పచ్చ గీతలో ఉండాలి, పిన్ను, సీలు, గొట్టం బాగుండాలి. కార్బన్ డయాక్సైడ్ దానికి గేజ్ ఉండదు, తూకం వేయాల్సిందే, గ్యాస్ 10 శాతం తగ్గితే రిఫిల్లింగ్‌కి పంపాలి, 5 ఏళ్లకోసారి ప్రెజర్ టెస్ట్ చేయించాలి. కరెంటు ప్యానెల్ పక్కన నీళ్ల సిలిండర్ ఉంటే వెంటనే మార్పించండి.

## 6. రిపోర్టు రాయడం

"ఎగ్జిట్లు సరిగా లేవు, సరిచేయగలరు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయరు. ఇలా రాయండి: "మూడో అంతస్తు, తూర్పు మెట్ల తలుపు. ఉదయం 11.20కి తాళం వేసి ఉంది, చెవి గ్రౌండ్ ఫ్లోర్ సెక్యూరిటీ దగ్గర ఉంది. తాళం వెంటనే తీయించాను. ఈ నెల 20లోగా పానిక్ బార్ బిగించాలి. బాధ్యత: మెయింటెనెన్స్ మేనేజర్. ఫోటో 7."

లోపాలని మూడు కుప్పలు చేయండి.

- ఇప్పుడే: తాళం వేసిన ఎగ్జిట్, మాన్యువల్‌లో పంపు, ఆపేసిన అలారం. మీరు బిల్డింగ్ దిగేలోపు సరికావాలి.
- వారంలో: బ్యాటరీలు, క్లోజర్లు, రిఫిల్లింగ్, సామాను తీయించడం.
- ఖర్చు, అనుమతి కావాల్సినవి: రెండో మెట్లు, షాఫ్ట్ సీలింగ్, స్ప్రింక్లర్లు. వీటికి తేదీతో పాటు అది అయ్యేదాకా తాత్కాలికంగా ఏం చేస్తారో కూడా రాయాలి. ఉదాహరణకి ఆ ఫ్లోర్‌లో మనుషుల సంఖ్య తగ్గించడం, రాత్రి ఫైర్ వాచ్ (నిప్పు కోసమే తిరుగుతూ చూసే మనిషి) పెట్టడం.

కోడ్‌లో ఏ నిబంధనో తెలిస్తే రాయండి, తెలియకపోతే లోపం మాత్రం స్పష్టంగా రాయండి. తప్పు క్లాజు నంబరు ఒక్కటి పడితే మొత్తం రిపోర్టునే కొట్టిపారేస్తారు.

## 7. యాజమాన్యం వినకపోతే

వాట్సాప్‌లో ఫోటో పెట్టి ఊరుకోవద్దు. ఈమెయిల్ పంపండి, లేదా కాగితం ఇచ్చి రెండో కాపీ మీద "అందింది" అని సంతకం తీసుకోండి. గడువు దాటితే రెండో లేఖ పై స్థాయికి, మొదటి లేఖ కాపీ జతచేసి. ఖర్చు గురించి వాదించే మేనేజర్‌కి ఇన్సూరెన్స్ పాలసీలోని ఫైర్ షరతుల పేజీ చూపించండి. చట్టం పేరు చెబితే కదలని ఫైలు క్లెయిమ్ పోతుందంటే కదులుతుంది, ఎందుకో మీకే తెలుసు.

ప్రాణం మీదకి వచ్చే లోపం అలాగే ఉంచి కాగితం మీద మాత్రం బాగుందని సంతకం పెట్టమంటే పెట్టొద్దు, ఎందుకు పెట్టడం లేదో రాసివ్వండి. అప్పటికీ కదలకపోతే అగ్నిమాపక శాఖకి రాతపూర్వకంగా చెప్పండి. ఎన్‌ఓసీ కోసం "ఎంతో కొంత ఇచ్చేద్దాం, నువ్వు మాట్లాడు" అంటే దూరంగా ఉండండి. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా అవినీతి నిరోధక చట్టం కింద నేరమే, మధ్యలో మాట్లాడినవాళ్లూ తప్పించుకోలేరు.

## 8. మాక్ డ్రిల్, మళ్లీ రౌండ్

డ్రిల్ అంటే అందరూ నవ్వుకుంటూ పార్కింగ్‌లోకి వచ్చి గ్రూప్ ఫోటో దిగడం అయిపోయింది. ఒక మెట్లు మూసేసి చేయించండి, అప్పుడు రెండో దారి ఎంతమందికి తెలుసో బయటపడుతుంది. హాస్పిటల్లో ఐసీయూ పేషెంట్లని ముందే కిందికి దించరు, అదే ఫ్లోర్‌లో ఫైర్ డోర్‌కి అవతలి వైపుకి జరుపుతారు. ఏ బెడ్ ఎవరు తోస్తారు, ఆక్సిజన్ వాల్వ్ ఎవరు ఆపుతారు అన్నది షిఫ్టు వారీగా పేర్లతో సహా గోడ మీద ఉండాలి.

రిపోర్టు ఇచ్చిన వారానికి రాత్రి 11 దాటాక ఒకసారి వెళ్లండి. ఆ టైమ్‌లో చూడాల్సినవి వేరే ఉంటాయి:

- మెయిన్ గేటు, షట్టర్, మెట్ల తలుపుల తాళాలు
- తాళం చెవులు ఎవరి దగ్గరున్నాయి, ఆయన మేల్కొని ఉన్నాడా
- అలారం మోగితే ఎవరికి ఫోన్ చేయాలో నైట్ గార్డుకి తెలుసా (101 అని రాసి ఉండటం కాదు, అడ్రసు, ల్యాండ్‌మార్క్ చెప్పగలగాలి)
- పంపు ప్యానెల్ ఆటోలోనే ఉందా
- సెల్లార్‌లో, మెట్ల కింద ఎవరైనా పడుకున్నారా

పగలు మీరు తీయించిన తాళం ఆ రాత్రి మళ్లీ వేసి కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. ఫోటో తీసి, టైమ్ వేసి, అదే రిపోర్టుకి రెండో పేజీగా జతచేయండి.